చాటు బేరంలో పోయిన క్రిప్టో నాణేలు: ఫిర్యాదుకు దారి ఉన్నదా?

కాటా దగ్గర ఒక్క మిర్చి బస్తా తగ్గినా కమీషన్ వ్యాపారి ఊరుకోడు. గుమాస్తాను నిలదీస్తాడు, హమాలీ మేస్త్రీని పిలిపిస్తాడు, లారీని గేటు దగ్గర ఆపిస్తాడు. అప్పటికీ తేలకపోతే పోలీసు స్టేషనుకు వెళతాడు. అదే వ్యాపారి ఫోనులో దాచుకున్న పది లక్షల రూపాయల విలువ గల క్రిప్టో నాణేలు ఒక్క రాత్రిలో మాయమైతే మాత్రం ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పడు. చెబితే "అవి నీ దగ్గరకు ఎలా వచ్చాయి?" అన్న ప్రశ్న ముందు వస్తుంది. దొంగ ధైర్యమంతా ఆ ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నది.

ఒక అపోహ ముందుగా తొలగాలి. క్రిప్టో నాణెం దగ్గర ఉండడమే నేరమని ఇప్పటికీ నమ్మే వర్తకులు లేకపోలేదు. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలు అందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నాణేల లాభంపై 30 శాతం పన్ను అమలులోకి వచ్చింది. 2023 మార్చి 7న ఈ నాణేల మార్పిడి సంస్థలను నల్లధన నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. ప్రభుత్వం పన్ను వసూలు చేసే సరుకును కలిగి ఉండడం నేరమెట్లా అవుతుంది? నేరమయ్యేది నాణెం కాదు, దానితో నడిపే బేరం.

ఆ బేరాలు మన వర్తకులకు తెలియనివి కావు. ఎగుమతి ఇన్‌వాయిస్‌లో సరుకు విలువ తగ్గించి వేసి, మిగిలిన తేడాను విదేశీ కొనుగోలుదారు నుంచి టెథర్ నాణేల రూపంలో రప్పించుకోవడం ఒకటి. ఎగుమతి సొమ్ము అధీకృత బ్యాంకు ద్వారానే రావాలన్నది విదేశమారక నిర్వహణ చట్టం. ఉల్లంఘిస్తే ఆ సొమ్ముకు మూడు రెట్ల వరకు జరిమానా ఉన్నది. తప్పుడు విలువ చూపినందుకు కస్టమ్స్ చట్టం వేరుగా ఉన్నది. ఇక క్రికెట్ పందేల సంగతి. 2020లో సవరించిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద ఆన్‌లైన్ పందెం నడిపేవారే కాక ఆడేవారు కూడా శిక్షార్హులు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మాత్రం నడిపేవారికీ, ప్రకటనలిచ్చేవారికీ, సొమ్ము చేరవేసేవారికీ శిక్షలు పెట్టి, ఆడినవానిని విడిచిపెట్టింది. మూడవది లెక్కలో లేని నగదు ఇచ్చి ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర నాణేలు కొనడం.

ఇటువంటి బేరంలో నాణేలు ముందు పంపితే అవతలివాడు ఫోను కట్టివేస్తాడు. లేదా వాలెట్టు రహస్య పదాలను ఏదో నెపంతో రాబట్టి ఊడ్చుకుపోతాడు. నష్టపోయినవానికి చట్టంలో దారి ఉన్నదా, లేదా? దారి ఉన్నది. కాని చాలామంది వెతికేచోట లేదు.

ఈ తేడా పాత వర్తకులకు తొందరగా అర్థమవుతుంది. సట్టా బేరం కోర్టులో చెల్లదని వారు చిన్ననాటి నుంచి విన్నదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను పందెపు ఒప్పందం చెల్లదంటుంది. 23వ సెక్షను చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో చేసిన ఒప్పందం చెల్లదంటుంది. పైకి రెండూ ఒకటిగా కనిపించినా ఒకటి కావు. హాపూర్ గోధుమ మార్కెట్టులో ఇద్దరు భాగస్వాములు ఆడిన సట్టా నష్టం గురించిన ఘేరూలాల్ పారఖ్ కేసులో 1959లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పందెం చెల్లదు గాని నిషిద్ధం కాదని, కనుక నష్టంలో తన వాటా భాగస్వామి భరించవలసిందేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినవారు కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా ఈ ఊళ్ళోనే కూర్చున్నవారు ఆయన.

నిషిద్ధ బేరం సంగతి వేరు. 1952 నాటి ఫార్వర్డు కాంట్రాక్టుల చట్టం అమలులో ఉన్నంతకాలం గుర్తింపు పొందిన సంఘానికి బయట పత్తి ఫార్వర్డు బేరం చేసినవాడు లాభం రాలేదని కోర్టుకెక్కితే అతని దావా గడప దాటేది కాదు. ఆ చట్టం 2015లో రద్దయి దాని అధికారాలు సెబీకి పోయాయి. అయినా నేటి డబ్బా ట్రేడింగు వాడికి కూడా గతి అదే. టెథర్ రూపంలో రావలసిన ఇన్‌వాయిస్ తేడా రాలేదని, పందెం గెలిచినా నాణేలు ఇవ్వలేదని దావా వేస్తే ఫలితం అంతకంటె మెరుగుగా ఉండదు. బేరం నెరవేర్చమని అడిగే హక్కు నిషిద్ధ బేరంలో లేదు. ఇందులో ఎవరూ భ్రమ పెట్టుకోనక్కరలేదు.

కాని పోయిన నాణేల సంగతి బేరం నెరవేర్చమనే సంగతి కాదు. అది దొంగతనం, లేదా మోసం. దొంగతనపు నిర్వచనంలో సరుకు ఎవరి స్వాధీనంలో నుంచి పోయిందన్నదే ప్రశ్న గాని, ఆ స్వాధీనం వెనుక చరిత్ర ఏమిటన్నది కాదు. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ ఒకటి చెప్పుకోదగ్గది. గడియారం బాగుచేయించుకున్నవాడు కూలి బాకీ పెట్టి, బాకీకి హామీగా రిపేరుదారు ఉంచుకున్న తన గడియారాన్నే దురుద్దేశంతో ఎత్తుకుపోతే అతడు దొంగే. సొంతదారే దొంగ అయినప్పుడు ముక్కూ మొహం తెలియనివాడు కాకుండా ఎట్లా పోతాడు?

ఇంతకు పూర్వం ప్లీడర్లు మరొక చిక్కు చూపేవారు. పాత శిక్షాస్మృతిలో చరాస్తి అంటే చేతితో తాకగల ఆస్తి అన్న అర్థం ఉండేది. ఫోను తెరపై అంకె తాకగలదా అన్నది వాదన. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ మాట తీసివేశారు. భూమి, భూమికి అంటుకున్నవి తప్ప అన్ని రకాల ఆస్తీ చరాస్తిలోకి వస్తుంది. సివిల్ కోర్టుల వైపు నుంచి కూడా గట్టి మాటే వచ్చింది. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ మార్పిడి సంస్థపై సైబర్ దాడి జరిగి సుమారు 23 కోట్ల డాలర్ల నాణేలు పోయాయి. పోయినవి ఒక రకం నాణేలైతే, వేరే రకం నాణేలున్న వారి ఖాతాలను కూడా సంస్థ నిలిపివేసింది. అలా చిక్కుకున్న ఒక మహిళ మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. క్రిప్టో నాణెం కరెన్సీ కాకపోయినా ఆస్తేనని, దానిని ఒకరి తరఫున మరొకరు నమ్మకంగా ఉంచగల ఆస్తి అని జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2025 అక్టోబరులో చెప్పారు. ఆవిడ బేరం చట్టబద్ధమైనది, నిజమే. అయినా నాణెం ఆస్తి అని తేలిన తరువాత, ఆస్తి కాదు గనుక దొంగతనమూ లేదని పోలీసు స్టేషనులో చెప్పడానికి వీలు తగ్గింది.

నిషిద్ధ బేరంలో నాణేలు పోతే జరిగేదేమిటో అమెరికాలో అక్షరాలా నడిచిన కేసు ఒకటి ఉన్నది. సిల్క్ రోడ్ అనే మాదకద్రవ్యాల చాటుమాటు సంత ఆన్‌లైనులో 2011 నుంచి 2013 వరకు నడిచింది. జేమ్స్ ఝాంగ్ అనే వ్యక్తి 2012లో దాని చెల్లింపుల లోపాన్ని కనిపెట్టి సుమారు 50,000 బిట్‌కాయిన్లు కాజేశాడు. తొమ్మిదేళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. 2021 నవంబరు 9న జార్జియా రాష్ట్రంలో అతని ఇంటిని సోదా చేసినప్పుడు నేలలో పాతిన పెట్టెలోను, స్నానాల గది బీరువాలో పాప్‌కార్న్ డబ్బాలో దుప్పట్ల కింద దాచిన చిన్న కంప్యూటరులోను 50,676 బిట్‌కాయిన్లు దొరికాయి. ఆనాటి వాటి విలువ 336 కోట్ల డాలర్లకు పైమాట. దొంగసంత దగ్గర దొంగిలించాను గనుక దొంగను కానన్న వాదన పనిచేయలేదు. నేరం ఒప్పుకొన్నాడు, 2023 ఏప్రిల్‌లో ఏడాది మీద ఒకరోజు శిక్ష పడింది. మరి నాణేలు? సంత నడిపినవానికి తిరిగి ఇవ్వలేదు, ప్రభుత్వం జప్తు చేసుకున్నది.

మన వర్తకులు ఈ కేసులో రెండు సగాలనూ చూడాలి. దొంగకు శిక్ష పడుతుంది. సొమ్ము ఫిర్యాదీకి వస్తుందా అన్నది మాత్రం అతని చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయన్న దానిమీద ఉంటుంది.

ఆ కొలత కూడా అంతా నలుపు తెలుపు కాదు. ఇద్దరూ సమానంగా తప్పు చేసినచోట కోర్టు ఎవరికీ సాయపడదన్నది సాధారణ నియమం. దీనికి మినహాయింపులను 1968 నాటి సీతారాం – రాధాబాయి కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అక్రమ ఉద్దేశం ఇంకా చెప్పుకోదగినంతగా అమలు కాకముందే వెనక్కు తగ్గినవాడికీ, అవతలివానితో సమానంగా దోషి కానివాడికీ, తన హక్కు చెప్పుకోవడానికి అక్రమ బేరాన్ని ఆధారం చేసుకోనక్కరలేనివాడికీ దావా నడుస్తుంది. 2016లో ఇంగ్లండు సుప్రీంకోర్టు పటేల్ – మీర్జా కేసులో ఇంకొక అడుగు వేసింది. బ్యాంకు వాటాల రహస్య సమాచారంతో పందెం కాయమని ఒకరు 6,20,000 పౌండ్లు ఇచ్చారు. సమాచారం రాలేదు, పందెం కాయలేదు. పుచ్చుకున్నవాడు సొమ్ము దిగమింగి, బేరమే అక్రమం గనుక తిరిగి ఇవ్వనన్నాడు. ఇవ్వవలసిందేనని కోర్టు అన్నది. ఆ తీర్పు మన కోర్టులను కట్టివేయదు. అయినా ధోరణి గమనించదగినది. నగదు ఇచ్చి నాణేలు అందనివాడు, నాణేలు పంపి పందెమే ఆడనివాడు ఈ మినహాయింపులలో నిలబడే అవకాశం ఉన్నది. ఇన్‌వాయిస్ తేడా అందుకుని, దానితో రెండు సీజన్లు వ్యాపారం నడిపి, మూడోసారి మోసపోయినవాడికి ఆ అవకాశం చాలా తక్కువ.

అయితే ఆచరణలో దావా కంటె ముందు పోలీసు ఫిర్యాదే పని చేసేది, అదీ మొదటి కొద్ది గంటలలో. 1930 నంబరుకు ఫోను చేస్తే బ్యాంకు దారిలో ఉన్న రూపాయలను నిలిపే ఏర్పాటున్నది. నాణేలకు అంత సులువు కాదు గాని దారి మూసుకుపోలేదు. క్రిప్టో పద్దు నిజానికి యార్డు గేటుకు వేలాడదీసిన చిట్టా వంటిది. ప్రతి పద్దూ అందరికీ కనిపిస్తుంది, పేర్లు మాత్రం ఉండవు. దొంగ ఆ నాణేలను రూపాయలుగా మార్చడానికి రిజిస్టరైన మార్పిడి సంస్థకు తెచ్చినప్పుడు పేరు బయటపడుతుంది. టెథర్ అయితే జారీ చేసే కంపెనీకి ఏ చిరునామాలోని నాణేలనైనా స్తంభింపజేసే వీలున్నది, పోలీసుల కోరికపై అలా చేసిన సందర్భాలు అనేకం. బిట్‌కాయిన్‌కు అటువంటి యజమాని లేడు. లావాదేవీ సంఖ్య, వాలెట్టు చిరునామాలు, మాట్లాడుకున్న సందేశాలు, బ్యాంకు పద్దు అన్నీ భద్రపరచాలి. భయపడి ఫోనులోనివన్నీ చెరిపివేసినవాడు తన సాక్ష్యాన్ని తానే చెరుపుకున్నట్టు.

స్టేషనులో "ఇది మా పరిధి కాదు" అన్న జవాబు వస్తే వెనుదిరగనక్కరలేదు. శిక్షార్హమైన నేరం కనిపించినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. కాదంటే ఎస్పీకి రాయవచ్చు, ఆపైన మేజిస్ట్రేటు ఉన్నారు. సమాచార సాంకేతిక చట్టం కింద రాష్ట్ర అధినిర్ణయాధికారి ముందు 5 కోట్ల రూపాయల వరకు నష్టపరిహారం కోరే మార్గం మరొకటి ఉన్నది. మన వర్తకులలో దీని పేరు విన్నవారే తక్కువ.

ఫిర్యాదులో రాసిన మాట తన మెడకే చుట్టుకోదా అన్నది అసలు భయం. అది ఉత్త భయం కాదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితునిపై రుజువుగా చెల్లదన్న నియమం పాత సాక్ష్య చట్టంలోను, కొత్త చట్టంలోను ఉన్నది. అయినా పన్ను శాఖ, ఎన్‌ఫోర్స్‌మెంట్ శాఖ తమ దారిన తాము లెక్కలు అడగకుండా ఆ నియమం ఆపదు. కనుక ప్లీడరును, ఆడిటరును ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడి ఫిర్యాదు రాయించుకోవడం మంచిది. విదేశమారక చట్టం కింద తప్పు తానే ఒప్పుకొని రుసుము కట్టి రాజీ చేసుకునే ఏర్పాటు ఉన్నది, దానిని వాడుకోవచ్చు. చేయకూడనిది ఒక్కటే. బేరం దాచిపెట్టి, "మిత్రునికి చేబదులు ఇచ్చాను" వంటి కట్టుకథతో ఫిర్యాదు ఇవ్వరాదు. నాణేల పద్దు అందరికీ కనిపించేది గనుక కథ వారం నిలవదు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అదొక కొత్త కేసు అవుతుంది. అంతవరకు బాధితుడుగా ఉన్నవాడు అక్కడితో ముద్దాయి.

నోరు మూసుకుని నష్టం భరిస్తే పోతుంది గదా అనేవారున్నారు. తన ఒక్కడి డబ్బే అయితే ఆ మాట సబబే కావచ్చు. కాని ఈ నాణేల వెంట వచ్చే రూపాయలు ఎక్కడివో వ్యాపారికి తెలియదు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసంలో సుమారు 15,000 మంది సొమ్ము అనేక ఖాతాల గుండా తిరిగి, నాణేలుగా మారి, దుబాయ్ మీదుగా చైనాకు చేరింది. అటువంటి గొలుసులోని ఒక్క పద్దు గుంటూరు వ్యాపారి ఖాతాలో పడినా చాలు, ఎక్కడో ఉత్తరాది స్టేషను నుంచి బ్యాంకుకు ఉత్తరం వస్తుంది, ఖాతా నిలిచిపోతుంది. ఆ ఖాతాలోనే ప్రత్తిపాడు రైతు మిర్చి పట్టీ డబ్బు, పర్చూరు రైతు పత్తి డబ్బు ఉంటుంది. హమాలీల కూలి, కోల్డు స్టోరేజి అద్దె కూడా అందులోనుంచే పోవాలి. నిలిచిన ఖాతాను విడిపించుకోవడానికి వ్యాపారి ఊరు కాని ఊరి కోర్టు చుట్టూ తిరుగుతుండగా, ఈ బేరం సంగతే ఎరుగని రైతు కొట్టు మెట్ల మీద కూర్చుని ఉంటాడు. తానే ముందుగా ఫిర్యాదు చేసినవాని ఖాతా విషయం పోలీసులు చూసే తీరుకూ, ఉత్తరం వచ్చేదాకా మాట్లాడనివాని విషయం చూసే తీరుకూ తేడా ఉంటుంది.

బజారులో పెద్దమనుషుల పంచాయతీతో చీటీ తగాదాలు, చేబదుళ్ళు, తూకం తేడాలు తరతరాలుగా తీరుతున్నాయి. ఆ పద్ధతికి బలం అవతలివాడు కూడా రేపు ఇదే బజారుకు రావాలన్న లెక్క. నాణెం కాజేసినవాడు ఈ బజారు మొహం చూడనివాడు, చూడబోనివాడు. అటువంటి తగాదా పంచాయతీకి వచ్చినప్పుడు పెద్దలు సర్దుబాటు పేరుతో పది రోజులు తిప్పడం కంటె, మొదటి గంటలోనే ఫిర్యాదీని స్టేషనుకు పంపడం మేలు. ఫీజు కడితే పోయిన నాణేలు వెనక్కు తెస్తామంటూ ఫోనులో తగులుకునే ఏజెంట్ల దగ్గరకు మాత్రం పంపరాదు. ఒకసారి పోయినవాడిని రెండోసారి దోచేది వారే. చాంబరు, కమీషన్ వ్యాపారుల సంఘాలు ఒక ప్లీడరును నియమించి ఇటువంటి వారికి గుట్టుగా సలహా చెప్పించినా ఖర్చు పెద్దది కాదు.

ప్రభుత్వం వైపు లోపం కూడా చిన్నది కాదు. పన్ను వసూలుకు 2022లోనే చట్టం సిద్ధమైంది గాని, దొంగిలించిన నాణేలను స్తంభింపజేసి సొంతదారుకు ఇచ్చే విధానం ఇప్పటికీ వేర్వేరు చట్టాలలో ముక్కలుగా ఉన్నది. నాగరిక్ సురక్షా సంహిత 107వ సెక్షను కింద నేరపు సొమ్మును జప్తు చేసి, జిల్లా మేజిస్ట్రేటు ద్వారా 60 రోజులలో బాధితులకు పంచే ఏర్పాటు పెట్టారు. నల్లధన నిరోధక చట్టంలో అయితే న్యాయమైన హక్కు ఉండి, సద్భావంతో మెలగి, తగిన జాగ్రత్తలు తీసుకున్నా నష్టపోయినవారికే తిరిగి ఇవ్వాలన్న షరతు ఉన్నది. చాటు బేరం చేసినవాడు ఆ షరతు దగ్గరే ఆగిపోతాడు. అది అన్యాయమని అనలేము. కాని సొమ్ము రాదన్న ఒక్క కారణంతో అతడు ఫిర్యాదే మానుకుంటే దొంగ అదే వాలెట్టుతో మరొకరి దగ్గరకు వెళతాడు. ముందుగా వచ్చి నిజం చెప్పినవానికి జరిమానాలో సడలింపు ఉంటుందని పన్ను, విదేశమారక శాఖలు స్పష్టంగా ప్రకటిస్తే ఇప్పుడు దాగి ఉన్న ఫిర్యాదులు చాలా బయటకు వస్తాయి.

పన్ను లెక్కలో మరొక చిక్కు ఉన్నది, ఆడిటర్లకు ఇది తెలిసినదే. 1958లో సరిహద్దు దాటుతూ పట్టుబడిన ప్యారాసింగ్ అనే స్మగ్లరు దగ్గర జప్తు చేసిన 65,500 రూపాయలను అతని వ్యాపార నష్టంగా మినహాయించాలని సుప్రీంకోర్టు 1980లో తీర్పు ఇచ్చింది. అక్రమ ఆదాయంపై పన్ను వేసినప్పుడు ఆ వ్యాపారంలోని నష్టాన్ని కూడా లెక్కించాలన్నది అందులోని తర్కం. పోయిన నాణేలకు ఆ తీర్పు నీడ దొరుకుతుందని ఆశపడేవారు 2022 నాటి నిబంధనను చదువుకోవాలి. నాణేల లాభంలో కొన్న ఖరీదు తప్ప మరే ఖర్చూ మినహాయింపు కాదు, నాణేల నష్టాన్ని మిర్చి లాభంలోగాని, పత్తి లాభంలోగాని, మరొక నాణెం లాభంలోగాని తగ్గించి చూపడానికి వీలులేదు.